గున్నమ్మ నారు

సాయంత్రం నిటారుగా నిలబడి ఉన్న నారు తెల్లారేసరికి నేలమీద పడుకుని ఉంది.

ముందు నేను కుక్కలేవో మళ్లలో దొర్లాయనుకున్నాను. మళ్ల మీద నీడకి కప్పిన ఆకుపచ్చ నెట్టు ఒకవైపు ఎత్తి వంగి చూస్తే అడుగుల జాడ లేదు, మట్టి చెదరలేదు. మొక్కలు మాత్రం గుండ్రంగా, పళ్లెం బోర్లించినంత మేర, ఒకదానిమీద ఒకటి ఒరిగిపోయి ఉన్నాయి. ఆకులు ఇంకా పచ్చగానే ఉన్నాయి. నన్ను ఎక్కువ భయపెట్టింది అదే. ఎండిన మొక్క పడిపోయిందంటే అర్థముంది. నిన్న కలుపు తీస్తూ నేను చేత్తో నిమిరిన పచ్చటి మొక్క ఊరికే ఎందుకు పడిపోతుంది? ఒకదాన్ని రెండు వేళ్లతో పట్టుకున్నాను. లాగకుండానే చేతిలోకి వచ్చేసింది. మట్టిని ఆనుకుని ఉండే చోట కాడ మెత్తబడి, గోధుమరంగుకి తిరిగి, దారప్పోగులా సన్నగా అయిపోయింది.

"అత్తా!" అని అరిచాను. "అత్తా, బేగి రా!"

మాది నర్సీపట్నం నుంచి మాకవరపాలెం వెళ్లే రోడ్డు పక్క ఊరు. చెరకూ జీడితోటా అందరికీ ఉన్నట్టే మాకూ కొంచెం ఉన్నాయి. కానీ చుట్టుపక్కల మా ఇంటిని గుర్తుపట్టేది మిరప నారుతోనే. ఆ నారు పోసేది మా అత్త గున్నమ్మ. కొయ్యూరు వైపు నుంచి కూడా ఆటోలు కట్టించుకుని వచ్చి పట్టుకెళ్తారు. యలమంచిలి నుంచి నేనీ ఇంటికి కోడలిగా వచ్చిన కొత్తలో రోజారమణి అనే పేరు ఎవరూ పలికేవారు కాదు. 'గున్నమ్మ నారోళ్ల కోడలు' అనేవారు.

అత్త కుచ్చిళ్లు దోపుకుంటూ వచ్చి నా పక్కన నిలబడింది. నేను మడి చూడటం మానేసి ఆమె మొహమే చూస్తున్నాను. నెత్తీ నోరూ కొట్టుకుంటుందనుకున్నాను. నన్ను తిడుతుందనుకున్నాను. ఒక్క మొక్క తల వాలిస్తే అన్నం మానేసి మడి పక్కన కూర్చునే మనిషి ఆమె.

"బాగానే ఉన్నాది కదే," అంది.

"ఏటి బాగుంది అత్తా? పడిపోయింది సూడు."

"లెగుస్తాదిలే," అని వెనక్కి తిరిగి ఇంట్లోకి వెళ్లిపోయింది.

నేను చేతిలో ఆ మొక్క పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

మధ్యాహ్నానికి పక్క మడిలో ఇంకో గుండ్రం పడింది. మా ఊళ్లో వ్యవసాయశాఖ తరఫున పనిచేసే సౌజన్యకి ఫోన్ చేశాను. ఆ అమ్మాయి స్కూటీ మీద వచ్చి, చెప్పులు విప్పి, మడి గట్టున మోకాళ్ల మీద కూర్చుంది. పడిపోయిన మొక్కలు నాలుగు తీసి వాటి మెడలు చూసింది.

"నారుకుళ్లు తెగులక్కా. బూజు లాంటిది. మట్టిలోనే ఉంటాది. తడి ఎక్కువై గాలి ఆడకపోతే పైకి లేస్తాది. నీళ్లెవరు పెడుతున్నారు?"

"పొద్దున్న మా అత్త పోస్తాది. సాయంత్రం నేను పోసేదాన్ని గానీ, ఈ వానలు మొదలైన కాడి నుంచి మానేసేను."

సౌజన్య మా అత్త వైపు చూసింది. అత్త అరుగు మీద కూర్చుని ఉంది.

"పొద్దున్న ఒక్కపాలే పోత్తాను," అంది అత్త. "నా పెళ్లైన కాడి నుంచి అంతే. సాయంత్రం ఎవలేటి పోత్తన్నారో నాకు తెల్దు."

ఆ మాట అంటూ నా వైపు చూడలేదు. ఇన్నేళ్లలో అత్త నన్ను తిట్టింది, నేను ఎదురు తిట్టాను, రెండు రోజులు మాటల్లేకుండా ఉన్నాం. కానీ పరాయి మనిషి ముందు నన్ను ఎప్పుడూ వదిలేయలేదు.

పడిన మొక్కల్ని చుట్టూ ఉన్న మట్టితో సహా తీసి దూరంగా పారేయమంది సౌజన్య. నెట్టు పైకెత్తి గాలి ఆడనివ్వమంది. బాగున్న మొక్కల మొదళ్లలో కాపర్ మందు కలిపిన నీళ్లు పోయమంది. మట్టి ఆరేదాకా మామూలు నీళ్లు చుక్క కూడా పెట్టొద్దని రెండుసార్లు చెప్పింది.

అన్నీ చేశాను. నెట్టు కట్టెలకి ఎత్తి కట్టాను. నీలంగా ఉన్న ఆ మందునీళ్లు చెంబుతో మొక్కమొక్కకీ పోశాను. నా చేతులు గోళ్ల దాకా నీలంగా అయ్యాయి.

ఆ సాయంత్రం మా ఆయన లోవరాజు తోట నుంచి వచ్చి మళ్ల దగ్గర నిలబడ్డాడు. కోపం వస్తే గట్టిగా అరవడు. గొంతు తగ్గిస్తాడు.

"అమ్మ చేతిలో ఉన్నన్నాళ్లూ ఒక్క మొక్క పోలేదు. ఈ ఏడు నువ్వు చెయ్యి పెట్టేవు."

"నేనేటి సేసేను? కలుపు తీసేను. అంతే."

"మరి అమ్మ అబద్ధం ఆడతన్నాదా?"

మా అత్త అబద్ధం ఆడదు. అది నాకూ తెలుసు.

తెగులు ఆగలేదు. వానలు వెనక్కి పోయాయి, ఎండ కాస్తోంది, మందు పడింది. అయినా రోజూ పొద్దున్న కొత్తగా ఇంకో చోట మొక్కలు ఒరిగి ఉండేవి. సౌజన్య రెండోసారి వచ్చి మట్టి పిడికిట్లోకి తీసుకుని పిసికింది. వేళ్ల సందుల్లోంచి బురద కారింది.

"ఇదేటక్కా? నీళ్లు ఆపమన్నాను కదా."

"ఆపేసేం."

"వాన పడి నాలుగైదు రోజులైంది. మట్టి ఇలాగుంటే మందేం పనిచేస్తాది?" అంది. నన్ను నమ్మలేదని ఆమె మొహంలో తెలిసింది. నన్ను నేనే నమ్మలేకపోతున్నాను.

అదే సమయానికి తాతాజీ గారు వచ్చారు. మాకవరపాలెం దగ్గర ఆయనకి మిరప చేను ఉంది. మా మామగారు ఉన్నప్పటి నుంచీ మా దగ్గర తప్ప ఇంకెక్కడా నారు తీసుకోలేదు. ఆ ఏడు దుక్కి కూడా చేయించి పెట్టుకున్నారు. మళ్లు చూసి తలమీది తువ్వాలు తీసి చేత్తో పట్టుకున్నారు. చావింటికి వచ్చినవాళ్లు నిలబడినట్టు నిలబడ్డారు.

"ఏటమ్మా ఇది? గున్నమ్మ నారేనా ఇది?"

అత్త గుమ్మంలోకి వచ్చింది. "ఎవలూ?" అంది.

"నేనేనమ్మా, తాతాజీని."

అత్త ఆయన్ని కాసేపు చూసి, "ఆ, కూకో. మీయావిడ బాగున్నాదా?" అంది.

తాతాజీ గారు నా వైపు చూశారు. ఆయన భార్య పోయి అప్పటికి రెండేళ్లు దాటింది. పెద్దకర్మకి అత్తే వెళ్లొచ్చింది. "బాగున్నాదమ్మా," అని చెప్పి వెళ్లిపోయారు. పరధ్యానంలో అడిగిందనుకున్నాను. నారు పోయిన దిగులుతో మనసు మనసులో లేదనుకున్నాను. కళ్ల ముందు జరిగేవాటికి మనమే ఏదో ఒక అర్థం చెప్పుకుంటాం. నేనూ అలాగే చెప్పుకున్నాను.

తర్వాత రెండు రోజులకి మా అమ్మాయి మణి ఏడుపు మొహంతో పుస్తకాల సంచీ ఈడ్చుకుంటూ వంటింట్లోకి వచ్చింది. అది నర్సీపట్నం స్కూల్లో ఆరో తరగతి.

"మామ్మ నాకు జడలేసి, మళ్లీ ఇప్పేసి, మళ్లీ ఏసిందమ్మా. నిన్నా అలాగే సేసింది. బస్సు ఎల్లిపోయింది."

అత్తకి మనవరాలంటే ముద్దు, ఏదో సరిగా రాలేదని మళ్లీ వేసుంటుందనుకుని విసుక్కున్నాను. మణిని ఆటోలో స్కూల్లో దింపి, ఆ ఆటోలోనే తిరిగొచ్చాను. మామూలుగా ఆ వేళకి నేను జీడితోటలో ఉంటాను. మా ఆయనా అక్కడే ఉంటాడు. ఇంటి దగ్గర అత్త ఒక్కర్తే.

సన్నగా చినుకు మొదలైంది. పెరట్లోకి వెళ్లేసరికి అత్త మళ్ల మధ్య ఉంది. చినుకుల్లో తడుస్తూ, నీళ్ల డబ్బా రెండు చేతులతో పట్టుకుని, ఎంతో జాగ్రత్తగా, అలవాటైన వాటంలో, మడి ఈ చివర నుంచి ఆ చివరకి నీళ్లు జల్లుతోంది. పైన వాన. కింద డబ్బా నీళ్లు. పడిపోయిన మొక్కల మీద కూడా పోస్తోంది. పోస్తూ ఏదో కూనిరాగం తీస్తోంది.

"అత్తా!"

తిరిగి చూసి నవ్వింది. "ఒచ్చేవా? పొద్దున్నుంచి ఒక్క బొట్టు పొయ్యనేదే. ఎలాగ బతుకుతాయి పాపం?"

పొద్దున్న ఆమె నీళ్లు పోయబోతే నేనే ఆపాను. సౌజన్య చెప్పింది కదా అని గుర్తుచేశాను. 'అవునవును' అని డబ్బా పక్కన పెట్టింది. నీళ్ల తొట్టి వైపు చూశాను. తెల్లారి నింపిన తొట్టి అడుగంటింది. అంటే ఇది రెండోసారో మూడోసారో కాదు.

నేను దగ్గరికి వెళ్లి డబ్బా పట్టుకున్నాను. వదల్లేదు. చిన్నపిల్లలు బొమ్మని పట్టుకున్నట్టు పట్టుకుంది. "నేను పోస్తానులే అత్తా, నువ్వు తడుస్తన్నావు," అంటే అప్పుడు వదిలింది. ఇంట్లోకి నడుస్తుంటే కుడికాలు నేలకి రాసుకుంటూ వెళ్లింది. బురదలో ఆ కాలి గీత నేను చూశాను. బురద కదా, జారుతోందనుకున్నాను.

ఆ డబ్బా పట్టుకుని వానలో ఎంతసేపు ఉన్నానో తెలియదు. నా మీద పడిన నింద పోయింది. దానికి సంతోషపడాలి. కానీ ఒంట్లోంచి ఎవరో ఎముకలు తీసేసినట్టు ఉంది. ఇన్నాళ్లూ మళ్లని చంపింది, ఆ మళ్లకి పేరు తెచ్చిన చేతులే. ఆ సంగతి ఆ చేతులకి తెలియదు.

భోజనాల దగ్గర మా ఆయనకి చెప్పాను. అత్త మా మాటలు వినపడనంత దూరంలో నిద్రపోతోంది.

"అత్తేనండీ నీళ్లు పోస్తన్నాది. పోసింది మర్చిపోయి మళ్లీ పోస్తన్నాది. మణికి జడలు కూడా అలాగే సేస్తన్నాది. తాతాజీ గారి పెళ్లాం సంగతి కూడా..."

"మా యమ్మకి మతి పోయిందంటావేటి?"

"అలాగనలేదు. ఓసారి ఆసుపత్రిలో..."

"పెద్దదైపోయింది. పెద్దోళ్లకి మరుపుంటాది. దానికి ఆసుపత్రేటి?"

అరుస్తాడనుకున్నాను. అరవలేదు, గొంతూ తగ్గించలేదు. కలిపిన ముద్ద కంచంలో వదిలేసి లేచిపోయాడు. అతని మొహం నెత్తురు చుక్క లేకుండా ఉంది. తల్లి మీద మాట పడినందుకు నొచ్చుకున్నాడనుకున్నాను.

ఆ మర్నాటి నుంచి డబ్బా దాచేశాను. అత్త చెంబుతో పోయడం మొదలుపెట్టింది. చెంబులు దాస్తే కుళాయి కింద దోసిలి పట్టింది. నేను తోటకి వెళ్లడం మానేసి ఆమె వెనకే తిరిగాను. కోప్పడితే బిక్కమొహం వేస్తుంది. కాసేపటికి మళ్లీ లేస్తుంది. తొమ్మిది మళ్లలో రెండు మిగిలాయి. వాటి చుట్టూ కంప కట్టాను. మా అత్త రాకుండా నేను కంప కట్టాను. కడుతుంటే కళ్లనీళ్లు ఆగలేదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం అత్త అన్నానికి కూర్చుంది. చేపల పులుసు వండాను, ఆమెకి ఇష్టమని. ముద్ద కలిపి పైకెత్తింది. ముద్ద నోటికి చేరలేదు. చెంప పక్కనుంచి భుజం మీద పడింది. మళ్లీ కలిపింది. మళ్లీ చెంపకే తగిలింది. మణి కిసుక్కున నవ్వబోయి, నా మొహం చూసి ఆగిపోయింది.

"అత్తా, ఏటయింది?"

నన్ను చూసి ఏదో అంది. మాట ముద్దగా వచ్చింది. మూతి ఒకవైపు కొద్దిగా జారి ఉంది. ఎవరినో పిలుస్తోంది. నా పేరు కాదు, మణి పేరు కాదు. ఎప్పుడో చిన్నప్పుడు పోయిన ఆమె చెల్లెలి పేరు.

మా ఆయన వాకిట్లోంచి పరిగెత్తుకొచ్చాడు. ఆమెని రెండు చేతులతో ఎత్తుకున్నాడు. అప్పుడు అతను తల్లిని చూసిన చూపు నాకు వింతగా అనిపించింది. నాకున్న ఆశ్చర్యం అతని మొహంలో లేదు. ఎప్పటి నుంచో ఎదురుచూస్తున్నది వచ్చేసినట్టు ఉన్నాడు.

మణిని పక్కింటి రామాయమ్మ గారికి అప్పగించి ఆటోలో నర్సీపట్నం ఆసుపత్రికి తీసుకెళ్లాం. డ్యూటీలో ఉన్న డాక్టరు కుర్రవాడే గానీ నిదానస్తుడు. అత్త కళ్లలోకి లైటు వేసి చూశాడు. రెండు చేతులూ ముందుకు చాపమన్నాడు. కుడిచేయి మెల్లగా కిందికి వాలిపోయింది. ఎన్నాళ్ల నుంచి ఇలా ఉందని అడిగితే అన్నీ చెప్పాను. నీళ్లు, జడలు, కాలీడ్చడం. ఆయన రాసుకోవడం ఆపి తలెత్తాడు.

"ఈమధ్య ఎక్కడైనా పడ్డారా? తలకి దెబ్బేమైనా తగిలిందా?"

"లేదండీ," అన్నాను. ఖచ్చితంగా అన్నాను. ఒకే ఇంట్లో ఉండే మనిషి నాకు తెలియకుండా ఎలా పడుతుంది?

"పడింది సార్," అన్నాడు మా ఆయన నా వెనక నుంచి.

నేను తిరిగి చూడలేదు. ఎందుకో తెలియదు, తిరిగి చూడలేకపోయాను. డాక్టరు గారి బల్ల మీద గాజు పేపర్‌వెయిట్ ఒకటి ఉంది. దానిలో ఎర్రపువ్వు. దాన్నే చూస్తూ ఉండిపోయాను.

"ఎప్పుడు?"

"విత్తనాలు తేవడానికి ఇద్దరం టౌనుకి వచ్చేం సార్. ఎల్లేటప్పుడు. బండి మీంచి ఎనక్కి పడిపోయింది. నెల దాటుంటాది."

"అప్పుడే ఎందుకు తీసుకురాలేదు?"

"దెబ్బేటీ కనబడనేదు సార్. లేసి దులుపుకుని బండెక్కీసింది."

డాక్టరు అంబులెన్సు పిలిపించి విశాఖపట్నం పంపాడు. దారంతా అత్త నా చెయ్యి పట్టుకునే ఉంది. నేనెవరో ఆమెకి తెలియదు. ఎదుటి సీటులో మా ఆయన.

విశాఖలో స్కాన్ తీశారు. పెద్ద డాక్టరమ్మ ఆ ఫిల్మ్ లైటు ముందు పెట్టి చూపించింది. పుర్రెకీ మెదడుకీ మధ్య ఒకవైపంతా బూడిదరంగు చారలా ఉంది. అది రక్తమట. చిన్న దెబ్బకే సన్నటి నరం చిట్లి, చుక్కచుక్కగా ఊరుతూ, వారాల తరబడి నిండి మెదడుని పక్కకి నెడుతోందట. పెద్దవయసు వాళ్లలో ఇలా ఆలస్యంగా బయటపడుతుందట.

"మీరంతా వయసు వల్ల మరుపనుకుని ఉంటారు," అంది. "ఇంకొన్నాళ్లు అలాగే అనుకుని ఉంటే ప్రాణం మీదికి వచ్చేది. పుర్రెకి చిన్న కన్నం పెట్టి తీసేస్తాం. చాలామంది మామూలు మనుషులవుతారు."

ఆపరేషన్‌కి లోపలికి తీసుకెళ్లాక వరండాలో బెంచీ మీద కూర్చున్నాం. అప్పుడు అడిగాను.

"పడినప్పుడు ఫోను మాట్లాడతన్నారా?"

తల ఊపాడు. ఎడంచేత్తో ఫోను చెవి దగ్గర పెట్టుకుని బండి నడుపుతున్నాడట. స్పీడు బ్రేకరు చూసుకోలేదట. ఆ అలవాటు గురించి మా ఇంట్లో జరగని గొడవ లేదు. ఒకసారి నేను నడిరోడ్డు మీద బండి దిగిపోయి, మణిని చంకనేసుకుని ఇంటికి నడిచి వచ్చాను.

"నాకెందుకు సెప్పలేదు?"

"అమ్మే సెప్పొద్దంది."

"సాల్లెండి. లోపల ఆవిడ తల కోస్తన్నారు. మీ తప్పు కూడా ఆవిడ మీదే పెడతారా?"

"నిజమే రోజా. అమ్మ మీదొట్టు."

"ఆ నీళ్ల సంగతి నేను సెప్పిన రోజే, అలాగెందుకు సేస్తన్నాదో మీకు తెలిసింది కదా?"

"తెలియనేదు. భయమేసింది. దెబ్బ వల్లేనేమోనని నీతో అంటే పడిన సంగతి సెప్పాలి," అన్నాడు. రెండు చేతుల్లో మొహం పెట్టుకుని ఏడ్చాడు. నేను లేచి ఇంకో బెంచీ మీదికి వెళ్లి కూర్చున్నాను. పెళ్లైన నాటి నుంచి అతను ఏడవడం చూడటం అదే మొదలు. నాకు జాలి కలగలేదు.

అత్త బతికింది. బతకడమే కాదు, మత్తు దిగిన మర్నాడు నన్ను చూసి, "మణికి అన్నం ఎవలు పెడతన్నారే?" అంది. ఆ మాటకి నర్సు కూడా నవ్వింది. నేను ఆ మంచం ఊచలు పట్టుకుని నేల మీద చతికిలబడిపోయాను.

శ్రావణమాసంలో ఇంటికి తెచ్చాం. అంతకుముందే, ఆసుపత్రి నుంచి ఒకరోజు ఇంటికి వచ్చినప్పుడు, మిగిలిన ఆ రెండింటితో సహా పాడైపోయిన మళ్లన్నీ వదిలేసి పెరటికి ఆ చివర, మెరక మీద ఎత్తుమళ్లు కట్టి మళ్లీ విత్తనాలు చల్లాను. సౌజన్య పక్కన ఉండి విత్తనాలకి మందు పట్టించింది. పలచగా చల్లించింది. నేను విశాఖలో ఉన్నన్నాళ్లూ వాటిని కాచిందీ ఆ అమ్మాయే. తాతాజీ గారు కబురు పెట్టారు, ఆలస్యమైనా ఆగుతానని.

అత్తకి గుండు. దానిమీద నా పాత నూలు చీర ముక్క కట్టాను. అరుగు మీద దిండు వేసి కూర్చోబెట్టాం. వీధిలో వాళ్లు చూసి వెళ్లారు. అందరూ వెళ్లిపోయాక పెరటి వైపు తలతిప్పి అడిగింది.

"నారెలాగుందే?"

మళ్లు పోయిన సంగతి ఆమెకి తెలియదు. ఆ నెలంతా ఆమె తలలోంచి ఎవరో తుడిచేసినట్టు పోయింది. నేను నోరు తెరిచేలోగా మా ఆయన గబగబా అన్నాడు.

"పోయిందమ్మా. నారుకుళ్లు తగిలింది. నేను నీళ్లెక్కువ పెట్టీసేను. మళ్లీ పోసేం."

"ఏటీ?" అత్త నిటారుగా లేచింది. "నీకేటి తెలుసునని నారుమళ్లలోకి దిగేవురా? ఎవలు దిగమన్నారు?"

తల వంచుకుని తిట్లన్నీ పడ్డాడు. అత్త తిడుతూ తిడుతూ హఠాత్తుగా ఆగింది. కొడుకుని కింద నుంచి పైదాకా చూసింది. తర్వాత నన్ను చూసింది.

"ఈడు పుట్టిన కాడి నుంచి మొక్కకి గుక్కెడు నీళ్లు పోసినోడు కాదు. నువ్వు సెప్పు. పోసింది ఎవలు?"

మా ఆయన నా వైపు వద్దన్నట్టు చూశాడు. నాకు వరండాలో బెంచీ గుర్తొచ్చింది. ఈ ఇంట్లో ఇంకొకటి దాచడం నా వల్ల కాదనిపించింది.

"నువ్వే అత్తా. పోసింది మర్చిపోయి మళ్లీ మళ్లీ పోసేవు."

ఆమె చెయ్యి మెల్లగా పైకి వెళ్లి తల గుడ్డ మీద ఆగింది. కళ్లు పెద్దవయ్యాయి.

"బండి మీంచి పడ్డం వల్లేనా?"

ఈసారి అదిరిపడింది నేను. "అది గుర్తుందా నీకు?"

"గుర్తునేకపోడమేటి? నీకు సెప్పొద్దని ఈడి చేత ఒట్టేయించుకున్నాను కదా."

మా ఆయన గోడకి ఆనుకుని నిలబడ్డాడు. నన్ను చూడలేదు. అతను చెప్పింది నిజం. ఇన్ని రోజులూ నేను అతని మొహాన అబద్ధమని కొట్టిన మాట నిజం.

"ఎందుకు అత్తా? ఎందుకు సెప్పొద్దన్నావు?"

"నువ్వు ఊరుకుంటావా? ఆడి మీద పడతావు. పిల్లనెత్తుకుని యలమంచిలి ఎల్లిపోతానంటావు. నాకు భయమేసింది."

"నేనంటే భయమా? నీకా?"

"మరి?" అంది అత్త, అందులో వింతేముందన్నట్టు.

పదమూడేళ్లుగా ఆమె అంటే నాకు భయమనుకుంటూ, ఆ భయం బయటపడకుండా గట్టిగా మాట్లాడుతూ ఆ ఇంట్లో బతికాను. ఆమె పక్కన అరుగు మీద కూర్చుండిపోయాను. మా ఆయన వచ్చి నా కాళ్ల దగ్గర మెట్టు మీద కూర్చున్నాడు. నేను జరగలేదు. లేవనూ లేదు.

"సరే, నన్ను లెగదియ్యండి," అంది అత్త. "ఆ మళ్లు నా కళ్లతో సూడాలి."

చెరోవైపూ పట్టుకుని పెరటి చివరకి నడిపించాం. కుడికాలు ఇంకా తేలిగ్గా పడటం లేదు గానీ నేలకి రాసుకోవడం లేదు. కొత్త నారు రెండాకులు వేసి, పలచగా, మొక్కకీ మొక్కకీ మధ్య మట్టి కనబడుతూ ఉంది. అత్త మా చేతులు విడిపించుకుని గట్టు మీద కూర్చుంది. వంగి, బొటనవేలు మట్టిలోకి గుచ్చి, తీసి చూసుకుంది.

"నీళ్లు సాల్లేదే," అంది. "పొయ్యి."

మా ఆయనా నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

నేనూ ఆమె పక్కన కూర్చుని, ఆమె వేలు పెట్టిన చోటే నా వేలు పెట్టాను. మట్టి అడుగుదాకా పొడిగా ఉంది.